కట్టేసిన చేతులు

షట్టర్ ధన్‌మని నేలకు పడింది. పోయిన వారం పద్మలతను ఆ చప్పుడు దగ్గరే వదిలి వచ్చాం. పెద్దపల్లి శివారులో, ఒకప్పుడు వడ్ల గోదాముగా ఉండి ఇప్పుడు పద్నాలుగు మంచాల నర్సింగ్ హోమ్‌గా మారిన పొడుగాటి గదిలో, ఐదో మంచం పక్కన ఆమె నిలబడి ఉంది. ఒక చేత్తో బాలమల్లు దుప్పటి ఎత్తి పట్టుకుంది. దుప్పటి కింద ఆ ముసలాయన చేతులు రెండూ మంచం కమ్మీలకు గుడ్డపేలికలతో కట్టేసి ఉన్నాయి. పేలికలు మణికట్లలోకి దిగబడి, చర్మం లేచి, పుండు పడింది. ఆ పుండు మీదే మళ్ళీ కట్టారు.

పదకొండు గంటల ఎండ ఒక్కసారిగా ఆరిపోయినట్టయింది. పైన గోడకున్న సన్నని కిటికీల్లోంచి వచ్చే వెలుతురే మిగిలింది.

ఈ ఇంటికి నిరుడు నలభైకి ముప్పై తొమ్మిది మార్కులు వేసింది పద్మలతే. ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానలో నర్సుగా చేసి దిగిపోయాక, ఇలాంటి ఇళ్లను చూసి, నలభై ప్రశ్నల కాగితం నింపి, జిల్లా కమిటీకి ఇచ్చే పని ఆమెకు అప్పగించారు. ఆ కాగితాన్ని ఈ ఇంటి యజమాని పరశురాములు అద్దం కట్టించి గేటు దగ్గర వేలాడదీశాడు. కింద ఆమె సంతకం. జగిత్యాలలో బీడీలు చుట్టే నవీన ఆ సంతకం చూసే, కాళ్లు పడిపోయిన తల్లి శంకరవ్వను తెచ్చి ఇక్కడ ఆరో మంచం మీద పడుకోబెట్టింది. మొన్న ఫోన్ చేసి ఏడ్చింది కూడా ఆ నవీనే.

"అక్కా, నీ పేరు చూసి మా అవ్వను ఆడ ఇడిసిన. ఇప్పుడు ఉట్నూర్ పంపినమంటుండ్రు. ఫోన్ల మాట్లాడనియ్యరు, పోయి చూస్తమంటే తొవ్వ చెప్పరు. నువ్వే చెప్పు, మా అవ్వ ఏడున్నది?"

అందుకే పద్మలత ఈరోజు ఎవరికీ చెప్పకుండా వచ్చింది.

నిరుడు చూసినట్టు చూడలేదు. గుమ్మంలో ఆగి ముందు వాసన పీల్చింది. ఒక్కొక్కరి మడమలు నొక్కి చూసింది. నీళ్ల చెంబు చేతికి అందే దూరంలో ఉందో లేదో తనే ఆ మంచం మీద ఒరిగి చెయ్యి చాపి చూసింది. తొమ్మిది చెంబులు అందలేదు. మూడో మంచం మీది అబ్బాస్, ఒకప్పుడు కరీంనగర్‌లో సైకిళ్ల దుకాణం నడిపినవాడు, ఆమెను చూసి నవ్వాడు.

"రాసుకో బేటీ. గా చాయ్‌ల పాలు ఉన్నయని ఎవలన్న సాబిత్ చేసి చూపిస్తే, నేను మళ్ల నిఖా చేసుకుంట."

పరశురాములు చూడగానే అబ్బాస్ నవ్వు ఆగిపోయి, మొహం గోడవైపు తిరిగింది. ఆ తిరగడం కూడా పద్మలత రాసుకుంది.

ఆరో మంచం మీద పరుపు మడిచి పెట్టి ఉంది. నర్సు వనజ మందుల బీరువా దగ్గర, సూది పెట్టిన పళ్లెం పక్కన నిలబడి, "శంకరవ్వ ఉట్నూర్ పోయి ఇరవై రోజులాయె మేడం. అడివి గాలి మంచిదని సారే పంపిండు," అని మెల్లగా చెప్పింది. సన్నటి మనిషి, బెదురు చూపు. రెండు చేతులకూ మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు. సూది వేసే చేతికి గాజులు వద్దని పద్మలత నిరుడే చెప్పింది. అదొక్కటే ఆమె నిరుడు పట్టుకున్న తప్పు. పైన టక్, టక్ మని ఏదో చప్పుడు వస్తుంటే, "కోతులు మేడం, పొద్దుగాల్నుంచి గదే గోల," అని కూడా వనజే చెప్పింది.

చివరికి ఐదో మంచం దగ్గరికి వచ్చి దుప్పటి ఎత్తింది. షట్టర్ పడింది.

"ఎండ కొడ్తున్నదని దించిన మేడం," అన్నాడు పరశురాములు, వంగి తాళం వేస్తూ. తెల్ల చొక్కా, మెడ మీదుగా వేసుకున్న ఎర్రగళ్ల తువ్వాలు. "ముసలోళ్ల కండ్లకు పడదు."

"తాళం గూడ ఎండకేనా?"

అతను నవ్వి తాళాలగుత్తి నడుముకు దోపుకున్నాడు. "మీరు పెద్దోళ్లు. నిరుడు మీరే రాసిన్రు గదా. ఐదో మంచం, చేతులకు ఫిట్స్, తనను తానే కొట్టుకుంటడు, కట్టి ఉంచుడు అవసరమే అని. అద్దంల ఉన్నది, చదివి ఇనిపియ్యాలె?"

పద్మలతకు గుర్తొచ్చింది. ఆ మాటలు ఆమెవే. ఆ రోజు వనజ చెప్పింది, ఆమె రాసింది. నాలుగింటి బస్సు తప్పిపోతుందని దుప్పటి ఎత్తి చూడలేదు. దుప్పటి ఎత్తడానికి ఎంతసేపు పడుతుంది?

బయట జీపు హారన్ మోగింది. "అన్నా, తయారేనా? పొద్దు గూకకముందే ఉట్నూర్ ఘాట్ ఎక్కాలె!" అని డ్రైవర్ మల్లేష్ కేక వేశాడు.

"ఎవర్ని తీస్కపోతున్నరు?"

"ఇగో, గీనెనే. గాలి మారితె ఫిట్స్ తగ్గుతయి." పరశురాములు దగ్గరికి వచ్చి ఆమె చేతిలోని కాగితాలను వేలితో తట్టాడు. "మీరు జర గీ కాగితం నిరుటి లెక్కనే నింపి సంతకం పెట్టున్రి. మల్లేష్ మిమ్ముల బస్టాండ్ కాడ దించిపోతడు. ఎందుకు పరేషాన్?"

పద్మలత కాగితాలు మంచం మీద పడేసి, వంగి, బాలమల్లు ఎడమచేతి కట్టు విప్పడం మొదలుపెట్టింది. ముడి బిగుసుకుపోయి ఉంది. గోళ్లు విరుగుతున్నా లాగింది. పేలిక పుండులోంచి ఊడి వస్తుంటే ముసలాయన దవడ బిగించాడు తప్ప చప్పుడు చెయ్యలేదు. పక్షవాతం ఆయన మాటనూ కుడికాలినీ తీసుకుపోయింది. చేతులను వదిలేసింది. వదిలేసిన వాటిని వీళ్లు కట్టేశారు.

"మేడం, ఇప్పకున్రి. కొడ్తడు."

ఎడమచెయ్యి విడింది. కుడిచెయ్యి విడింది. రెండు చేతులూ గాలిలోకి లేచి వణుకుతూ ఆడసాగాయి. పరశురాములు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చూసిన్రా? చెప్పిన గదా, ఫిట్సు!"

పద్మలత చూసింది. చూస్తూ అలాగే నిలబడిపోయింది.

అవి ఫిట్స్ కావు. ఆ చేతులు మాట్లాడుతున్నాయి.

ఆమె పుట్టి పెరిగింది సిరిసిల్ల మరమగ్గాల మధ్య. ఇరవై మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే చెవిలో అరిచినా మాట వినపడదు. అందుకని షెడ్డుల్లో పనిచేసేవాళ్లు చేతులతో మాట్లాడుకునేవాళ్లు. రెండు వేళ్లు కలిపి విడదీస్తే దారం తెగిందని. మీసం మెలేస్తే మగ్గాల యజమాని, ఆసామి, వస్తున్నాడని. వేళ్లు లెక్కపెట్టి చూపితే మగ్గం నంబరు. అరచేయి బోర్లించి గాలిని రెండుసార్లు నొక్కితే, మగ్గం ఆపమని. నలభై ఏళ్లకే చెవులు పోయిన ఆమె బాపు ఇంట్లో కూడా అలాగే మాట్లాడేవాడు. అన్నం పెట్టమనీ అలాగే, నిద్రపొమ్మనీ అలాగే. ఆమెకు పదకొండో ఏట ఆయన భివండి మగ్గాలకు పోతూ, బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలిని రెండుసార్లు నొక్కాడు. ఆపు, ఏడవకు, వచ్చేస్తా అని. బస్సు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి నొక్కుతూనే ఉంది. ఆయన రాలేదు. ఆ తర్వాత ఆ భాషలో ఆమెతో ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు, యాభై ఏళ్ల తర్వాత, పెద్దపల్లి శివారులో ఒక ముసలాయన మాట్లాడుతున్నాడు. ఏడాది పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. వీళ్లు ఫిట్స్ అన్నారు. ఆమె అవునని రాసి సంతకం పెట్టింది.

పద్మలత తన చేతులెత్తింది. వేళ్లు మొద్దుబారి ఉన్నాయి, అయినా గుర్తున్నాయి. ఏ మగ్గం?

బాలమల్లు కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరిచి మూశాడు. ఒక చేతి వేళ్లు ఐదు, రెండో చేతిది ఒకటి. ఆరో మగ్గం. తర్వాత మీసం మెలేశాడు. ఆసామి. పిడికిలి బిగించి తన తుంటి మీద కొట్టుకున్నాడు, ఒకసారి, రెండుసార్లు.

ఆరో మంచం మనిషిని పరశురాములు కొట్టాడు.

దారం తెగిందా? అని పద్మలత వేళ్లు కలిపి విడదీసింది. చచ్చిపోయిందా అని అడగడానికి షెడ్డు భాషలో వేరే మాట లేదు.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. రెండు వేళ్లు కలిపి గట్టిగా పట్టుకుని చూపాడు. తెగలేదు. ఆ కలిపిన వేళ్లను అలాగే పైకెత్తి, ఇంటికప్పు వైపు చూపించాడు.

పైన టక్, టక్, టక్.

"పరశురాములూ," అంది పద్మలత. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మీదికి పోయే తలుపు తెరువు. కోతులను చూడాలె నేను."

అతని మొహంలోంచి మేడం అనే మర్యాద జారిపోయింది. "ఏం చేసినవే ముసలోనితోని?"

"మాట్లాడిన. శంకరవ్వ ఉట్నూర్ పోలేదు. తుంటి ఇరగ్గొట్టి మీద దాసినవు. అదంత ఈనె చూసిండు, అందుకే ఈనెను జీపెక్కిస్తున్నవు."

ఆమె ఫోన్ తీసింది. నంబరు నొక్కేలోపు అతను ఆ చేతిని మెలిపెట్టాడు. ఫోన్ నేల మీద పడింది, అతని చెప్పు కింద అద్దం పగిలిన చప్పుడైంది. చెంప మీద పడిన దెబ్బకు ఆమె కళ్లజోడు ఎగిరిపోయి ఏ మంచం కిందికో పోయింది. గది అంతా మసకబారింది. ఆ మసకలోంచి మళ్ళీ చెయ్యి వచ్చి జుట్టు పట్టుకుంది. ఆమె తల మంచం కమ్మీకి తగిలింది. నోట్లో ఉప్పగా, వెచ్చగా నెత్తురు ఊరింది.

"సంతకం పెట్టి పోరాదె! సంతకమే గదా అడిగింది! నువ్వు పోయినసారి చూసినవా? చూడలే! ఈసారి గూడ చూడకపోతే నీ సొమ్మేం పోయింది?"

రెండోసారి కమ్మీకి కొట్టాడు. ఎక్కడో వనజ కెవ్వుమని అరిచింది. మంచాల మీది మనుషులు కొందరు కళ్లు మూసుకున్నారు, కొందరు దుప్పట్లు మొహం మీదికి లాక్కున్నారు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో వాళ్లకు అలవాటైపోయిందని పద్మలతకు ఆ నొప్పిలోనే అర్థమైంది. నలభై ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు.

మూడోసారి కొట్టడానికి పరశురాములు ముందుకు వంగాడు. మెడ మీది తువ్వాలు రెండు కొసలూ బాలమల్లు ఛాతీ మీద పడ్డాయి.

ఏడాది కట్టేసిన ఆ చేతుల్లో కండ లేదు. కానీ యాభై ఏళ్లు తెగిన దారాన్ని రెప్పపాటులో అతికిన వేళ్లవి. రెండు కొసలూ ఒడిసిపట్టి, మెడ చుట్టూ ఒక మెలిక వేసి, మిగిలిన బట్టను మంచం కమ్మీ చుట్టూ తిప్పి లాగాడు. బలం చేతిది కాదు, మెలికది. పరశురాములు ఎంత గుంజుకుంటే అంత బిగిసింది. అతని గడ్డం కమ్మీకి తగిలి పళ్లు పటపటమన్నాయి. పద్మలత జుట్టు వదిలేసి గొంతు దగ్గర గీరుకోసాగాడు. చెప్పులు నేల మీద తపతప కొట్టుకున్నాయి.

మూడో మంచం మీదినుంచి అబ్బాస్ లేచి కూర్చున్నాడు. ఎన్ని నెలలకు అలా లేచాడో. "పకడో మల్లూ! ఛోడ్నకో, ఇడువకు! నా చాయ్ పేరు చెప్పి ఇంకోటి గుంజు!"

పద్మలత నేల మీద కూలబడి చూస్తోంది. పరశురాములు మొహం ఎర్రబడి, తర్వాత నల్లబడుతోంది. కాళ్లు కొట్టుకోవడం నెమ్మదించింది. ఆపాలని ఆమెకు తెలుసు. ఆపబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే, ఇంకొంచెం లాగితే బాగుండునని ముప్పై ఏళ్లు మనుషులకు ఊపిరి పోసిన ఆ నర్సుకు అనిపించింది. నవీన ఏడుపు చెవిలో ఉంది. కమ్మీ దెబ్బ తలలో మోగుతోంది.

అప్పుడు ఆమె చూపు బాలమల్లు మణికట్ల మీద పడింది. పుండ్లు పగిలి నెత్తురు కారుతోంది. ఈ మనిషి చస్తే ఆ చేతులను మళ్ళీ కడతారు. ఈసారి కట్టేది పోలీసులు. కొట్టుకునే పిచ్చివాడని కాగితం ఉండనే ఉంది, అద్దం కట్టి, ఆమె సంతకంతో.

ఆమె కమ్మీ పట్టుకుని లేచింది. ముసలాయన కళ్లకు ఎదురుగా నిలబడి, అరచేయి బోర్లించి, గాలిని రెండుసార్లు నొక్కింది.

మగ్గం ఆపు.

బాలమల్లు చూశాడు. లాగుతూనే ఉన్నాడు.

ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ. బస్సు మలుపు తిరిగేదాకా నొక్కిన ఆ చెయ్యి ఎలా ఉండేదో అలాగే నొక్కింది.

వేళ్లు వదులయ్యాయి. పరశురాములు దబ్బున నేల మీద పడి, ఈల వేసినట్టు ఊపిరి లాక్కున్నాడు. అబ్బాస్ "అరె, ఇంకొంచెం!" అని నిరాశగా పడుకున్నాడు.

పద్మలత ఆలస్యం చెయ్యలేదు. బాలమల్లును కట్టిన పేలికలతోనే పరశురాములు చేతులు రెండూ అదే మంచం కమ్మీకి, అదే ముడితో బిగించింది. అతని నడుము నుంచి తాళాలగుత్తి లాగింది. చూపు మసకగా ఉంది, తాళం ఏదో తాళంచెవి ఏదో తెలియడం లేదు. బీరువా దగ్గర వనజ మొహం చేతుల్లో దాచుకుని వెక్కుతోంది.

"ఊకో వనజా, అయిపోయింది. ఇగో, తాళాలు. షట్టర్ తెరువు. పోలీసులకు ఫోన్ చెయ్యి." గుత్తి విసిరింది. వనజ పట్టుకుంది, గాజులు గలగలమన్నాయి.

పద్మలత తన పైటచెంగుతో బాలమల్లు మణికట్టు తుడవబోయింది. ఆయన చెయ్యి లాక్కున్నాడు. మళ్ళీ ఏదో చెబుతున్నాడు. ఇంతకు ముందటిలా కాదు, తొందర తొందరగా, వేళ్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఆమె మొహం దగ్గరగా పెట్టి చూసింది.

"మెల్లగ బాపు, మెల్లగ. నాకు కండ్లజోడు లేదు."

కింద పరశురాములు దగ్గాడు. బొంగురు గొంతుతో, "నేను కొట్టిన. ఒప్పుకుంట," అన్నాడు. "తాగి కొట్టిన, తుంటి ఇరిగింది. కని నేను దవాఖానకు తీస్కపోదమన్న. వద్దన్నది. మీద ఉంచుదమన్నది. రోజు సూది ఏసి పండవెట్టేది నేను గాదు."

"మరెవలు?"

అతను కళ్లు మూసుకున్నాడు. చెప్పలేదు.

బాలమల్లు చెప్పాడు. ఎడమచేతి మణికట్టును కుడిచేతి వేళ్లతో చుట్టి మోచేతి దాకా జరిపాడు. మళ్ళీ జరిపాడు. గాజులు. తర్వాత బొటనవేలితో మోచేతి మడతలో నొక్కి చూపాడు. సూది. కలిపి పట్టుకున్న రెండు వేళ్లను ఆమె మొహం ముందుకు తెచ్చి, మెల్లగా, చాలా మెల్లగా విడదీయబోయి ఆపాడు. ఇంకా తెగలేదు. ఈరోజు తెగుతుంది.

పద్మలత వెనక్కి తిరిగింది.

షట్టర్ దించినట్టే ఉంది. బీరువా ముందు ఎవరూ లేరు. దాని తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, పళ్లెంలో పొద్దున్నుంచి ఉన్న సూది లేదు. గది చివర మెట్ల తలుపు తెరుచుకుని ఉంది. ఆ మెట్ల మీద, అంతెత్తున, గాజుల గలగల ఒక్కొక్క మెట్టే ఎక్కిపోతోంది.

"వనజా!"

ఆమె పరుగెత్తింది. మంచం కోడు తగిలి మోకాళ్ల మీద పడింది, లేచింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టేసరికి పైన ఇనుప గడియ లోపలినుంచి పడింది.

టక్, టక్ మంటూ పొద్దున్నుంచి వినిపిస్తున్న కోతుల చప్పుడు ఆగిపోయింది.